సర్టిఫికెట్ చూడొద్దని కంప్యూటర్‌కి మనమే చెప్తే ఎలా?

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

కొన్ని నెలలుగా మన గ్రూపులో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. "అన్నా, ఆఫీసులో గిట్ పని చెయ్యట్లేదు, సర్టిఫికెట్ ఎర్రర్ అంటోంది." "అక్కా, పైథాన్ ప్యాకేజీ దిగట్లేదు, ఎస్ఎస్ఎల్ అని ఏదో ఎర్ర అక్షరాల్లో వస్తోంది." హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, బెంగళూరులోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడుగుతున్నారు. అడిగిన పది నిమిషాల్లో కింద ఎవరో ఒకరు ఒక లైన్ కమాండ్ పెడతారు. సర్టిఫికెట్ చెకింగ్ ఆపేసే కమాండ్ అది. దానికి యాభై లైకులు. "థాంక్స్ అన్నా, పనైపోయింది" అని ఒక కామెంట్. అంతటితో చర్చ ముగుస్తుంది.

ఈ సలహా మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది. ఈ గ్రూపులో ఉద్యోగాలు చేస్తున్న కొందరం కూర్చుని మాట్లాడుకుని ఇది రాస్తున్నాం.

సర్టిఫికెట్ అంటే ఏంటో మనకంటే బాగా ఎవరికి తెలుసు? స్కూల్లో చేరినప్పటి నుంచి ఉద్యోగం దాకా ఎస్టీ సర్టిఫికెట్ లేకుండా మనకి అడుగు ముందుకు పడదు. ఇచ్చిన అధికారి ఎవరు, ఆయనకి ఇచ్చే అధికారం ఉందా, సంతకం నిజమేనా, అందులోని పేరూ ఊరూ మనవేనా, అన్నీ చూస్తారు. బోగస్ ఎస్టీ సర్టిఫికెట్లతో మన సీట్లు, మన ఉద్యోగాలు పోతున్నాయని ఎన్ని ధర్నాలు చేశాం! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో 16వ నంబర్ చట్టం వచ్చింది ఈ కుల సర్టిఫికెట్ల జారీని క్రమబద్ధం చెయ్యడానికే. 1994లో సుప్రీంకోర్టు పరిశీలన కమిటీలు వెయ్యమని చెప్పింది కూడా దొంగ సర్టిఫికెట్లని పట్టుకోవడానికే. "పరిశీలించకుండా ఎలా ఒప్పుకుంటారు?" అని కలెక్టరేట్ల ముందు అరిచిన మనమే, కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి "ఎవరి సర్టిఫికెట్ అయినా సరే, చూడకుండా ఒప్పుకో" అని ఆర్డర్ వేస్తున్నాం.

వెబ్‌సైట్ సర్టిఫికెట్‌కీ ఇదే లెక్క. మీరు ఒక సైట్ తెరిచినప్పుడు అది తన పేరున్న సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద జారీ చేసినవాళ్ళ పేరు ఉంటుంది, ఇష్యూయర్ అంటారు. జారీ చెయ్యడానికి అర్హత ఉన్న సంస్థల జాబితా మీ కంప్యూటర్ దగ్గర ముందే ఉంటుంది. అందులో ఉన్నవాళ్ళు సంతకం పెట్టారా, పేరు సరిపోయిందా, గడువు ఉందా, ఈ మూడూ చూసి బ్రౌజర్ తలుపు తీస్తుంది. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఎర్రర్. పక్క మండలం తహసీల్దార్ సంతకం పెట్టిన కాగితం మన మండలంలో చెల్లదంటారే, అలాంటిదే.

మరి ఇంట్లో బాగా తెరుచుకున్న సైట్ ఆఫీసులో ఎందుకు ఎర్రర్ ఇస్తుంది? చాలాసార్లు సైట్ తప్పు కాదు, మీ కోడ్ తప్పు అసలే కాదు. మధ్యలో ఆఫీసు ఫైర్‌వాల్ ఉంది. ఏ సైట్లు చూడాలి, ఏవి చూడకూడదు అని కంపెనీ ఒక నియమం పెట్టుకుంటుంది. ఫైల్ షేరింగ్, సోషల్ మీడియా, ఆటలు, కొత్తగా రిజిస్టర్ అయిన సైట్లు లాంటి వర్గాలని ఆపేస్తారు. పాత రోజుల్లో సైట్లకి తాళం ఉండేది కాదు కాబట్టి ఫైర్‌వాల్ నేరుగా "ఈ సైట్ నిషేధం" అన్న పేజీ చూపించేది. ఇప్పుడు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్. మీ కంప్యూటర్ అసలు సైట్‌తోనే మాట్లాడతానంటుంది. ఆ మాటల మధ్యలోకి దూరి నిషేధం పేజీ చూపించాలంటే ఫైర్‌వాల్ కూడా ఒక సర్టిఫికెట్ చూపించాలి. అది అప్పటికప్పుడు తయారు చేసుకున్న సర్టిఫికెట్. సైట్ పేరు దానిదే ఉంటుంది, సంతకం మాత్రం ఫైర్‌వాల్‌ది. కంపెనీ ఆ ఫైర్‌వాల్‌ని మీ కంప్యూటర్ జాబితాలో ముందుగా చేర్చి ఉంటే మీకు నిషేధం పేజీ శుభ్రంగా కనిపిస్తుంది. చేర్చకపోతే "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని వస్తుంది. అంటే లోపల ఉన్న మాట "ఈ సైట్ ఆపేశాం", బయటికి వినిపించే మాట "సర్టిఫికెట్ బాగాలేదు". పుండు ఒకచోట, మందు ఇంకోచోట అయ్యేది ఇక్కడే.

కొన్ని ఆఫీసుల్లో వేరే సైట్ పేరున్న పేజీకి మళ్ళిస్తారు, అప్పుడు పేరు సరిపోలేదన్న ఎర్రర్ వస్తుంది. కొన్నిచోట్ల ఏ మాటా లేకుండా కనెక్షన్ తెంపేస్తారు.

రెండో రకం ఇంకా తికమక పెడుతుంది. కంపెనీ ఏ సైట్‌నీ ఆపదు గానీ, వచ్చే పోయే ప్రతిదాన్నీ విప్పి చూసి, మళ్ళీ తన సంతకంతో మూసి పంపుతుంది. బ్రౌజర్‌లో అన్నీ తెరుచుకుంటాయి, ఎందుకంటే విండోస్ జాబితాలో కంపెనీ సంతకం చేర్చారు. గిట్, పైథాన్, నోడ్, జావా మాత్రం మొరాయిస్తాయి. వీటిలో చాలావాటికి ఎవరి జాబితా వాళ్ళకి విడిగా ఉంటుంది, విండోస్ జాబితా చూడవు. "బ్రౌజర్‌లో వస్తోంది, కమాండ్‌లో రావట్లేదు, నాకే ఏదో చేతకావట్లేదు" అని మనవాళ్ళు రాత్రంతా కూర్చునేది దీని దగ్గరే.

మాకు తెలిసిన ఒక చెల్లి సంగతి చెప్తాం. పేరూ, కంపెనీ పేరూ చెప్పం. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ట్రైనీగా చేరిన మూడో వారంలో నోడ్ ప్యాకేజీలు దింపమన్నారు. "సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఇన్ సర్టిఫికెట్ చెయిన్" అని వచ్చింది. పక్క సీటు వాళ్ళని అడగడానికి మొహమాటం. మన గ్రూపులో అడిగితే స్ట్రిక్ట్ ఎస్ఎస్ఎల్ ఫాల్స్ చెయ్యమన్నారు. చేసింది. సర్టిఫికెట్ ఎర్రర్ పోయి ఇంకో ఎర్రర్ వచ్చింది. జేసన్‌లో అనుకోని గుర్తు, మొదటి అక్షరం దగ్గరే, "లెస్ దేన్" గుర్తు. ఈసారి ప్రాజెక్ట్ పాడైందేమో అనుకుని అంతా తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. రెండు రోజులు పోయాయి. టీమ్ లీడ్ "స్లో" అన్నాడు.

ఆ లెస్ దేన్ గుర్తు ఏంటో తెలుసా? వెబ్ పేజీ మొదట్లో ఉండే గుర్తు అది. ప్యాకేజీ సమాచారం రావాల్సిన చోట ఫైర్‌వాల్ వాళ్ళ "ఈ సైట్ నిషేధం" పేజీ వచ్చి కూర్చుంది. చెకింగ్ ఆపేసినంత మాత్రాన నిషేధం ఎత్తేసినట్టు కాదు. తలుపు దగ్గర అడిగేవాడిని పంపించేశాం, అంతే. లోపలికి వచ్చింది మనం పిలిచినవాడు కాదు. పైథాన్‌లో ట్రస్టెడ్ హోస్ట్ అని పెట్టినా ఇదే జరగొచ్చు. "ఈ పేరుతో ప్యాకేజీ దొరకలేదు" అంటుంది, మీరు స్పెల్లింగ్ వెతుక్కుంటూ ఉంటారు.

కాబట్టి ఆ ఒక్క లైన్ సలహా సగం సందర్భాల్లో పని చెయ్యదు. పని చేసినప్పుడే అసలు భయం. గిట్‌లో గ్లోబల్‌గా పెట్టిన ఆ సెట్టింగ్ ఆ రోజుతో పోదు. సాయంత్రం అదే ల్యాప్‌టాప్ హాస్టల్ వైఫైకి, బస్టాండ్ వైఫైకి వెళ్తుంది. అక్కడ మధ్యలో ఎవరు కూర్చున్నా మీ కంప్యూటర్ అడగదు. మీ పాస్‌వర్డ్, మీ టోకెన్, కంపెనీ కోడ్ వాళ్ళ చేతికి. నోడ్‌కి చెప్పే "రిజెక్ట్ అనాథరైజ్డ్ సున్నా" అన్న సెట్టింగ్‌ని కొందరు ప్రాజెక్ట్ ఫైల్లోనే రాసేస్తారు, అది సర్వర్ దాకా వెళ్ళిపోతుంది. రేపు ఆడిట్‌లో దొరికితే ఆ లైన్ పక్కన ఎవరి పేరు ఉంటుంది? గ్రూపులో కమాండ్ పెట్టిన అన్న పేరు కాదు, ప్రొబేషన్‌లో ఉన్న మన చెల్లి పేరు.

"ఇదంతా సినిమా కథ, నిజంగా జరుగుతుందా?" అంటారేమో. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సర్టిఫికెట్ సంస్థలోకి హ్యాకర్లు చొరబడి గూగుల్ పేరు మీద దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. దాన్ని ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ళ మీద ప్రయోగించారు. ఆ సంస్థ అదే ఏడాది దివాలా తీసింది. 2014 జూలైలో మన దేశంలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ కింద ఉన్న సర్టిఫికెట్ విభాగం నుంచే గూగుల్ సైట్ల పేర్ల మీద అనుమతి లేని సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. గూగుల్ పట్టుకుంది, వాటిని రద్దు చేశారు. అధికారం ఉన్న సంస్థల దగ్గరే ఇలా జరిగినప్పుడు, అసలు చూడనే చూడనంటే ఎలా?

సరే, మరి ఏం చెయ్యాలి? ముందు కంగారు ఆపి ఇష్యూయర్ పేరు చదవండి. బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన ఉన్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ వివరాల్లోకి వెళ్తే "ఇష్యూడ్ బై" అని ఉంటుంది. కమాండ్‌లో అయితే కర్ల్‌ని వెర్బోస్ పెట్టి నడిపితే ఇష్యూయర్ లైన్ చూపిస్తుంది. అక్కడ మీ కంపెనీ పేరో, ఫోర్టినెట్, జెడ్‌స్కేలర్, సోఫోస్, పాలో ఆల్టో లాంటి ఫైర్‌వాల్ పేరో ఉంటే సగం చిక్కు విడిపోయినట్టే. అదే సైట్‌ని మీ సొంత ఫోన్‌లో, సొంత డేటాతో తెరిచి అక్కడ ఇష్యూయర్ ఎవరో చూడండి. రెండూ వేరైతే మధ్యలో ఉన్నది ఆఫీసే.

తర్వాత, ఒక్క సైటేనా, అన్నీనా? గూగుల్, వికీపీడియా బాగా వస్తూ, వాటి సర్టిఫికెట్ మామూలుగానే ఉండి, ఈ ఒక్క సైట్‌కే ఫైర్‌వాల్ పేరు కనిపిస్తే అది బ్లాక్ అయి ఉండొచ్చు. అన్ని సైట్లకీ కంపెనీ పేరే ఉంటే విప్పి చూసే రకం. బ్లాక్ అయిన సైట్‌కి మీ కంప్యూటర్‌లో మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు, ఐటీ వాళ్ళు అనుమతి ఇవ్వాల్సిందే. రెండోదానికి మాత్రం మంచి దారి ఉంది. చెకింగ్ ఆపకుండా, కంపెనీ రూట్ సర్టిఫికెట్‌ని ఆ టూల్‌కి పరిచయం చెయ్యాలి.

గిట్ విండోస్‌లో అయితే ఎస్ఎస్ఎల్ బ్యాకెండ్‌ని ఎస్‌ఛానెల్ అని మారిస్తే విండోస్ జాబితానే చూస్తుంది, చాలామందికి దీంతోనే పనైపోతుంది. పైథాన్ పిప్ 24.2 నుంచి, పైథాన్ 3.10 లేదా ఆ పైది ఉంటే, సిస్టమ్ జాబితాని తనే చూస్తుంది. పాత పిప్ వాడుతున్నవాళ్ళు ముందు అది మార్చుకోమని అడగండి. నోడ్‌కి ఎక్స్‌ట్రా సీఏ సర్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, ఐటీ వాళ్ళిచ్చిన ఫైల్ దారి అందులో ఇవ్వాలి. జావా వాళ్ళకి కీటూల్‌తో సీఏసర్ట్స్‌లో చేర్చడం. ఆ రూట్ సర్టిఫికెట్ ఫైల్ మాత్రం ఐటీ వాళ్ళ చేతి నుంచే తీసుకోండి. ఎర్రర్ పేజీలో కనిపించినదాన్ని మీరే డౌన్‌లోడ్ చేసి చేర్చుకోవడం అంటే, గుమ్మం ముందు నిలబడిన కొత్త మనిషి గురించి ఆ మనిషినే అడిగి నమ్మినట్టు.

ఇంకో మాట, ఇది శిక్షణ కేంద్రాల ల్యాబుల్లో, హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళకి. అక్కడ ఫైర్‌వాల్ కంటే ముందు గడియారం చూడండి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది చిన్న బటన్ బ్యాటరీ అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాతదానికి వెళ్ళిపోతుంది. సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలవ్వలేదని అన్ని సైట్లూ ఎర్రర్ ఇస్తాయి. ఆ బ్యాటరీ వాచీల షాపులో దొరికే రకమే. అప్‌డేట్ లేని పాత సిస్టమ్‌లకి ఇంకో చిక్కు: లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకి ఆధారంగా ఉన్న పాత రూట్ ఒకటి 2021 సెప్టెంబర్ 30న గడువు తీరిపోయింది. ఆ రోజు నుంచి చాలా పాత యంత్రాల్లో లక్షణంగా ఉన్న సైట్లు కూడా ఎర్రర్ చూపించాయి. దీనికి అప్‌డేటే మందు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఇవన్నీ తెలిసినా మనవాళ్ళు ఐటీ డెస్క్‌కి ఫోన్ చెయ్యరు. ఎందుకు చెయ్యరో మాకు తెలుసు. కాలేజీలో "కోటా" అన్న మాట విని విని ఉన్నాం. ఏజెన్సీ నుంచి వచ్చామంటే మొహం అదోలా పెట్టినవాళ్ళని చూశాం. నోరు విప్పితే "ఇది కూడా తెలీదా" అంటారని భయం. ఇంగ్లీషులో మెయిల్ రాయాలంటే చెయ్యి రాదు. అందుకని ఎవరికీ చెప్పకుండా చాటుగా దారి వెతుక్కుంటాం. సలహా ఇచ్చే అన్నలకి చెప్పేది ఇదే: మీ ఒక్క లైన్ కమాండ్ ఆ భయాన్ని పోగొట్టట్లేదు, ఇంకా లోపలికి తోస్తోంది.

బ్లాక్ అయిన సైట్ గురించి ఐటీ వాళ్ళని అడగడం తెలివితక్కువతనం కాదు, అది పనిలో భాగం. పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా టికెట్ పెట్టాల్సిందే, ఫైర్‌వాల్ తాళం వాళ్ళ దగ్గర కూడా ఉండదు. మెయిల్‌లో పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. ఐదు ముక్కలు చాలు: ఏ సైట్, ఏ టూల్, ఎన్ని గంటలకి, ఎర్రర్‌లో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఇష్యూయర్ దగ్గర కనిపించిన పేరు. చివర "ఫలానా ప్రాజెక్ట్ పనికి కావాలి, ఫైర్‌వాల్ లాగ్‌లో ఇది బ్లాక్ అయిందేమో చూడండి, రూట్ సర్టిఫికెట్ ఫైల్ ఉంటే ఇవ్వండి" అని రాయండి. మీ టీమ్ లీడ్‌కి కాపీ పెట్టండి. అప్పుడు ఆలస్యం మీ చేతకానితనం కింద పోదు, పెండింగ్ టికెట్ కింద ఉంటుంది. ఆ చెల్లి చివరికి ఇలాగే మెయిల్ పెట్టింది. మధ్యాహ్నానికి సైట్ తెరిచారు. అదే టీమ్‌లో ఇంకో ఇద్దరికి కూడా అదే ఇబ్బంది ఉందని అప్పుడు బయటపడింది. వాళ్ళూ నోరు విప్పలేదు మరి.

వీపీఎన్ పెట్టుకుని దాటేయమనీ, ఆఫీసు ల్యాప్‌టాప్‌కి ఫోన్ హాట్‌స్పాట్ కలపమనీ చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. దయచేసి చెప్పకండి. చాలా కంపెనీల్లో అది నియమాల ఉల్లంఘన, లాగ్‌లో కనిపిస్తుంది. ఆ నియమం న్యాయమా కాదా అని వాదించుకోవచ్చు, ప్రొబేషన్‌లో ఉన్న పిల్లల ఉద్యోగంతో మాత్రం వద్దు.

ఆఫీసుల వైపు తప్పు లేదని కూడా మేము అనట్లేదు. తమ నెట్‌వర్క్ మీద తాము సైట్లు ఆపుకునే హక్కు వాళ్ళకుంది. కానీ ఆపినప్పుడు ఆపామని చెప్పాలి. కొత్తవాళ్ళకి ఐడీ కార్డు ఇచ్చిన రోజే "మా దగ్గర ట్రాఫిక్ విప్పి చూస్తాం, గిట్‌కీ పైథాన్‌కీ ఈ ఫైల్ పెట్టుకోండి" అని ఒక పేజీ ఇస్తే ఎంత ఖర్చు? మనలో సీనియర్లు, టీమ్ లీడ్‌లు అయినవాళ్ళు ఆ పేజీ మీ కంపెనీలో మీరే రాయించండి. ఇదీ మన పనే.

విప్పి చూసే ఆఫీసు మెషీన్‌లో మీ బ్యాంకు పనులు పెట్టుకోకండి. కొన్ని కంపెనీలు బ్యాంకు సైట్లని వదిలేస్తాయి, అన్నీ వదలవు. మీ సొంత ఫోన్‌లో కంపెనీ రూట్ సర్టిఫికెట్ వెయ్యమంటే ఎందుకో అడిగి, కంపెనీ ఫోన్ ఇవ్వగలరా అని అడగండి. 2019లో కజకిస్తాన్ ప్రభుత్వం ప్రజలందరినీ ఇలాంటి రూట్ ఒకటి వేసుకోమంది. గూగుల్, మొజిల్లా, ఆపిల్ మూడూ తమ బ్రౌజర్లలో దాన్ని అడ్డుకున్నాయి.

ఇక గ్రూపు సంగతి. ఇప్పటిదాకా ఉన్న పాత పోస్టుల్లో చెకింగ్ ఆపే కమాండ్లు చాలా ఉన్నాయి, వాటి కింద ఈ పోస్టు లింకు పెట్టమని అడ్మిన్లని కోరుతున్నాం. ఇప్పటికే ఆ సెట్టింగ్ పెట్టుకున్నవాళ్ళు ఈ రోజే వెనక్కి తిప్పండి. గిట్‌లో ఎస్ఎస్ఎల్ వెరిఫై, నోడ్ ప్యాకేజీల్లో స్ట్రిక్ట్ ఎస్ఎస్ఎల్, రెండూ ట్రూ ఉన్నాయో లేదో చూసుకోండి, పిప్ కాన్ఫిగ్ ఫైల్‌లో ట్రస్టెడ్ హోస్ట్ లైన్ ఉంటే తీసేయండి. కొత్తగా అడిగేవాళ్ళు కంపెనీ పేరూ, లోపలి సర్వర్ల పేర్లూ చెరిపేసి, ఎర్రర్ ఫొటోతో పాటు ఇష్యూయర్ ఫొటో కూడా పెట్టండి. తెలుగులో అడగండి, కోయలో అడగండి, గోండీలో, లంబాడీలో అడగండి. రాత్రి తొమ్మిది తర్వాత మాలో ఇద్దరు ముగ్గురం ఉంటాం. ఐటీకి రాసే మెయిల్ కూడా కలిసి రాద్దాం.